ఆ మబ్బు తీసెయ్యి

చిరంజీవి అమ్మలుకి,


నువ్వు పంపిన బొమ్మలన్నీ టేబుల్ మీద పరుచుకుని చూశాను. బావి బొమ్మ దగ్గర ఆగిపోయాను. నీళ్ల మీద నులకమంచం, దాని మీద ముసుగుతన్ని పడుకున్న ముసలమ్మ, గిలక మీంచి తాడుకు బదులు వేలాడే జడ. జడలో ఒక్కో వెంట్రుకా విడిగా గీశావు. ఒళ్లు జలదరించిందంటే నమ్ము. కానీ దాని చుట్టూ ఆ మబ్బు ఎందుకమ్మా? ఇది కల సుమా అని చెప్పడానికే కదా! అది డిజైనర్ అలవాటు. లోగో అయినా పోస్టరైనా చూసీ చూడగానే అర్థం కావాలి, లేకపోతే క్లయింటు డబ్బు వృథా. ఇన్నేళ్లూ ఆ పని బాగా చేశావు. ఈ బొమ్మలకు మాత్రం ఆ తొందర వద్దు. మబ్బు తీసెయ్యి.

ఉద్యోగం మానెయ్యనా అని అడిగావు. ఇప్పుడే వద్దు. బెల్జియం చిత్రకారుడు రెనే మాగ్రిట్ వాల్‌పేపర్ ఫ్యాక్టరీలో డిజైన్లు గీశాడు, పోస్టర్లు, ప్రకటనలు వేశాడు. 1926లో ఒక గ్యాలరీ ఒప్పందం కుదిరాకే పూర్తిగా చిత్రాల్లోకి దిగాడు. మరుసటి ఏడు బ్రసెల్స్‌లో తొలి సొంత ప్రదర్శన పెడితే విమర్శకులు పెదవి విరిచారు. కొన్నాళ్లు పారిస్‌లో ఉండి, 1930లో తిరిగొచ్చి తమ్ముడితో కలిసి మళ్లీ ప్రకటనల పని పెట్టుకున్నాడు. ఇల్లు గడవాలిగా! చిత్రాలు మాత్రం ఆపలేదు. ఆయన వేసిన యాపిల్, టోపీ, పైపు ప్రకటనల్లో వేసినంత తేటగా ఉంటాయి. వింతంతా వాటిని పెట్టిన చోటులో ఉంటుంది. నీ డిజైన్ చెయ్యి అక్కరకొచ్చేది అక్కడే. గీత తేటగా ఉండనీ, అర్థం మాత్రం నువ్వు తేల్చకు.

వయసైపోతోందని బెంగ పడకు. ఫ్రాన్సులో ఒదిలాన్ రెదాన్ తన తొలి లిథోగ్రాఫ్‌ల సంపుటి తెచ్చింది 1879లో, నలభై దగ్గర పడ్డాక. దాని పేరే ‘కలలో’. బొగ్గుతో గీసిన ఊహలు నలుగురికీ చేరాలనే ఆయన అచ్చు పద్ధతి పట్టుకున్నాడు. నువ్వూ ఒకటి రెండు బొమ్మలకు ప్రింట్లు తీయించు, అసలు బొమ్మ కొనలేనివాళ్లు అవి కొంటారు.

మన లక్ష్మాగౌడ్ గారి సిరా బొమ్మలు ఎదురుగా నిలబడి చూడు. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన మనిషి. మేకలు, చెట్లు, ఆడామగా ఒకరిలోంచి ఒకరు మొలుస్తుంటారు. బొమ్మల్లో పల్లెను వదలకుండానే ఆయన అంత వింత లోకంలోకి వెళ్లారు. నీ బొమ్మల్లో రెక్కల గుర్రాలకంటే మీ అమ్మమ్మగారింటి సామాన్లే నాకు నచ్చడానికి కారణం అదే.

ఇక నువ్వు పెట్టబోయే ప్రదర్శన సంగతి. ఉన్నవన్నీ పెట్టకు, బలహీనమైనది ఒక్కటున్నా పక్కదాన్నీ చెడగొడుతుంది. మామూలు స్కెచ్ పెన్ను గీతలు వెలుతురుకి వెలిసిపోతాయి, పిగ్మెంట్ ఇంకు వాడు. కాగితం యాసిడ్ లేనిది కొను. ఫ్రేము కట్టించేటప్పుడు మధ్యలో మౌంటు పెట్టించు, లేకపోతే వానాకాలం చెమ్మకి కాగితం అద్దానికి అంటుకుపోతుంది. బొమ్మ కింద పేరు చాలు, వివరణ రాయకు. గ్యాలరీ వాళ్ల కమిషన్ ఎంతో, అమ్ముడుపోనివి ఎవరి ఖర్చుతో తిరిగొస్తాయో ముందే కాగితం మీద రాయించుకో. సంతకం పెట్టేముందు ఆ ఒప్పందం నాకోసారి పంపు, చదివి చెబుతాను. పిన్ని నిన్ను అడిగానని చెప్పమంది.

ఉంటాను,
బాబాయి