ముందు అన్నం, తర్వాతే ఆలోచన

రాబర్ట్‌సన్‌పేట,
కె.జి.ఎఫ్.

చిరంజీవి అమ్ములుకి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ అమ్మ ఫోన్‌లో నీ సంగతి చెప్పింది. తెల్లారకముందే కోరమాండల్ స్టేషన్‌లో బెంగళూరు రైలు పట్టుకోవాలని ఖాళీ కడుపుతో వెళ్తావట. మధ్యాహ్నం ఆఫీసులో తిన్నానంటావట. రాత్రి ఇల్లు చేరాక ఒకరోజు శనివారం ఒక్కపొద్దు, ఒకరోజు ఏకాదశి, ఇంకోరోజు కడుపుబ్బరం. జుట్టు రాలుతోందనీ, నెలసరి ఆగి చాన్నాళ్లయిందనీ కూడా చెప్పింది.

తిట్టడానికి రాయడం లేదే. ఎదురుగా తిండి పెట్టుకుని తినకపోతే మన ఇళ్లలో పొగరంటారు. 2001 ఫిబ్రవరి 28న ఇక్కడి బంగారు గనులు మూతపడ్డాక పూట గడవని కొంపలెన్నో చూసిన ఊరు కాబట్టి ఆ మాట తొందరగా నోటికొస్తుంది. నీది పొగరు కాదు, తిండి మానేసే జబ్బు. "నేనేం సన్నబడాలనుకోవడం లేదు పెద్దమ్మా, కడుపు నిండినట్టే ఉంటుంది" అని నువ్వనొచ్చు. మన దేశంలో ఈ జబ్బున్నవాళ్లలో ఎందరో లావెక్కుతామన్న భయం పైకి చెప్పరు, కడుపుబ్బరమే చెబుతారు. అదీ అబద్ధం కాదు. తిండి తగ్గించేకొద్దీ పొట్ట ఖాళీ అవడం మందగిస్తుంది. నాలుగు ముద్దలకే నిండినట్టు ఉంటుంది.

"మనసు కుదుటపడ్డాక తింటాను" అన్నావట. ఈ ఉత్తరం ఆ ఒక్క మాట కోసమే. అది తలకిందుల లెక్క. తింటేనే మనసు కుదుటపడుతుంది.

మెదడు ఒంటి బరువులో 2 శాతమే ఉంటుంది. ఊరికే కూర్చున్నప్పుడు ఒళ్లు ఖర్చుపెట్టే శక్తిలో మాత్రం 20 శాతం దాకా అదే తీసుకుంటుంది. తిండి చాలకపోతే ఒళ్లు పొదుపులో పడుతుంది. నెలసరి ఆపేస్తుంది, నాడి నెమ్మదిస్తుంది, చేతులూ కాళ్లూ చల్లబడతాయి. అంత పొదుపు చేసినా మెదడుకు చాలదు. పంపులు ఆపేశాక మన గనుల్లోకి నీళ్లు నిండినట్టు, తిండి అందని బుర్రలోకి భయాలు నిండుతాయి. ఒకే ఆలోచన చుట్టూ తిరగడం, చిన్న మార్పుకే వణకడం, చిరాకు, ఎవరితోనూ కలవబుద్ధి కాకపోవడం... ఇవన్నీ నీ గుణాలనుకుంటున్నావు. చాలావరకు ఆకలి చేసే పనులివి.

దీనికి రుజువుంది. 1944–45లో అమెరికాలోని మిన్నెసోటాలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త, యుద్ధానికి వెళ్లనన్న 36 మంది ఆరోగ్యవంతులైన యువకులను, వాళ్ల ఒప్పుదలతోనే, ఆరు నెలలపాటు అరకడుపుతో ఉంచాడు. వాళ్లకు అంతకుముందు ఏ మనోవ్యాధీ లేదు. కొద్ది వారాల్లోనే తిండి తప్ప వేరే ధ్యాస లేకుండా పోయింది. వంటల పుస్తకాలు పోగేశారు, పళ్లెంలో ఉన్న కాస్తనూ గంటలతరబడి సాగదీసి తిన్నారు, స్నేహితులకు దూరమయ్యారు, దిగులుపడ్డారు. మళ్లీ తిండి పెట్టేటప్పుడు కొందరికి విటమిన్లు, కొందరికి అదనంగా మాంసకృత్తులు ఇచ్చి చూశారు. మొత్తం తిండి పెరగకుండా అవేవీ వాళ్లను తేర్చలేదు. అందుకే చెప్తున్నా, టానిక్ సీసా పళ్లేనికి బదులు కాదు. తేరుకోవడానికి నెలలు పట్టింది, కానీ తేరుకున్నారు.

మనవాళ్ల సంగతి కూడా చెప్తాను. జొన్నే తిండిగా బతికిన తెలంగాణ పేదల్లో పెల్లాగ్రా అనే జబ్బు ఉండేది. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పగిలేది, విరేచనాలయ్యేవి, ఆ తర్వాత దిగులు, మతి తప్పడం. హైదరాబాద్‌లో, ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థలో, సి. గోపాలన్, ఆయన సహచరులు దీని మీద పరిశోధన చేసి 1960లో ప్రచురించారు. నియాసిన్ అనే విటమిన్ ఇస్తే కొద్ది రోజుల్లోనే ఆ మనిషికి తెలివి తేటపడేది. మనసు జబ్బని అందరూ అనుకున్నదానికి మూలం కంచంలో ఉంది.

ఇక చేయాల్సింది. కిలోలు, కేలరీలు ఈ ఉత్తరంలో కావాలనే రాయలేదు. నువ్వూ కొన్నాళ్లు చూడకు. బరువు చూసే మిషన్‌ని అమ్మ బీరువాలో పెట్టమను. ఆకలేస్తేనే తింటానంటే కుదరదు, నీ ఆకలి ఇప్పుడు సరిగ్గా చెప్పదు. గడియారం చూసి తిను. మూడు పూటలు భోజనం, మధ్యమధ్య ఏదో ఒకటి. రైలెక్కే ముందు రాగిజావో, రెండు ఇడ్లీలో. రాత్రికి ముద్ద, బస్సారు, నెయ్యి. చలికాలంలో పితికిపప్పు. వంద గ్రాముల రాగిపిండిలో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. నెలసరి ఆగిన ఆడపిల్లకు ఎముకలు పలచబడతాయి కాబట్టి అది నీకు అవసరం. నెలసరి మళ్లీ రావడానికి మాత్రం రాగి ఒక్కటే చాలదు, కడుపునిండా అన్నీ తినాలి. ఎంత వడ్డించాలో అమ్మను చూడనీ. తిన్నాక అరగంట తన పక్కనే కూర్చో. భయం వస్తుంది. రానీ, అది ఉండగానే తిను. ఒక్కపొద్దులు ఇప్పుడొద్దు, ఏ దేవుడూ ఏమీ అనుకోడు.

ఒక జాగ్రత్త. చాలా రోజులు దాదాపు పస్తున్నవాళ్లు ఒక్కసారిగా ఎక్కువ తింటే రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం పడిపోయి గుండెకే ప్రమాదం రావచ్చు. అందుకని ముందు డాక్టరుకు చూపించి, రక్త పరీక్షలు, ఈసీజీ చేయించుకుని, వాళ్లు చెప్పినట్టు పెంచుకుంటూ పోవాలి. కళ్లు తిరిగి పడిపోయినా, గుండె దడదడలాడినా, కాళ్లు వాచినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లు. తిన్నది కక్కే అలవాటుంటే దాచకుండా చెప్పు. దానివల్లా పొటాషియం పడిపోతుంది.

నువ్వు రోజూ వెళ్లే బెంగళూరులోనే నిమ్హాన్స్ అనే మానసిక వైద్యశాల ఉంది. అక్కడ ఈ జబ్బుకు వైద్యం చేస్తారు. ముందు ఫోన్‌లో మాట్లాడాలనుకుంటే, మనసు బాధలు వినే టెలి మానస్ నంబరు 14416. డబ్బు అక్కర్లేదు, రాత్రయినా పలుకుతారు, తెలుగులోనో కన్నడంలోనో చెప్పుకోవచ్చు.

పూర్తిగా నమ్మకం కుదిరాక మొదలుపెడతానని ఆగకు. నమ్మకం కూడా తిన్నాకే కుదురుతుంది. ఈ వారంలోనే ఒకరోజు సెలవు పెట్టి అమ్మతో డాక్టరు దగ్గరికి వెళ్లు. ఏమన్నారో నాకు ఫోన్ చెయ్యి.

ఇట్లు,
మీ పెద్దమ్మ