లోహశుద్ధి – చింతపండు చెప్పు పాఠము

తిరువారాధనకు ముందు పంచపాత్రములను, ఉద్ధరిణిని, దీపపు సెమ్మెలను చింతపండుతో తోమి కడుగుట మన యిండ్లలో తరతరముల ఆచారము. నిత్యము చేయు పనియే యైనను, దీనిలోని శాస్త్రార్థమును తెలిసికొనుట గృహస్థులకు మేలు.

ఆ చింతపండు కొంత తూర్పు కనుమల మన్యమునుండి వచ్చుచున్నది. 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోని చింతపల్లికి పేరులోనే చింత యున్నది. గిరిజనులు సేకరించిన చింతపండును 1956లో స్థాపింపబడిన గిరిజన సహకార సంస్థ కొనుచున్నది. మన్యపు సంతలలో చింతపండు రాసులతోబాటు కత్తులు, గొడ్డళ్ళు, నాగటి కఱ్ఱులును కానవచ్చును. ఇవి కొండ కమ్మరుల చేతిపని. బొగ్గుల కొలిమిని తిత్తితో రగిల్చి, ఇనుమును ఎఱ్ఱగా కాల్చి, దాగలిపై సమ్మెటతో సాగగొట్టి, అంచును నీట ముంచి వారు పదును కూర్చుదురు. మన్యపు రైతు పోడు నరుకుటకును, పొలము దున్నుటకును ఆ పనిముట్లే ఆధారము.

ఆ సంతలో ప్రక్కప్రక్కనే యున్న పులుపునకును ఇనుమునకును మాత్రము పొత్తు కుదరదు. చింతపండు రసము తగిలిన కత్తి నల్లబడి, త్రుప్పు పట్టును. దానిని కడిగి, తడి ఆర్చి, నూనె పూయవలెను. అదే రసము రాగికి మెఱుగు నిచ్చును. అందుచేతనే మనుస్మృతి 5వ అధ్యాయము రాగి, ఇనుము, కంచు, ఇత్తడి, తగరము, సీసము అను లోహములకు క్షారము, ఆమ్లము, జలము అనువానిచే శుద్ధి చెప్పుచు, దేనికి ఏది తగునో దానినే చేయవలెనని నియమించినది. ఇచ్చట “యథార్హము” అను మాటయే ప్రాణము.

రాగిపై గాలి, తేమల వలన మకిలి పట్టును, చిలుము పుట్టును. చింతపండులోని ఆమ్లము దానిని కరగించును, నీరు కొనిపోవును. అయితే పాత్ర వెలుపల మకిలిని కరగించు పులుపు, పాత్ర లోపల రాగినే కరగించును గదా! ఇత్తడి రాగి, జింకుల మిశ్రమమగుటచే దానికిని ఈ దోషము కలదు. కావున కళాయి లేని ఇత్తడి గిన్నెలో పులిహోర కలుపరాదు, చారు కాచరాదు. తగరముతో వేయు కళాయి ఆహారమునకును రాగికిని నడుమ తెరవలె నిలుచును. అది అరిగిన వెంటనే మరల వేయింపవలెను.

రాగిపాత్రలో పాలు పోయరాదను పెద్దల మాటయు ఇట్టిదే. పాలు పుల్లనివి కాకపోయినను రాగిని తమలోనికి గ్రహించును. కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రలలో కాచి, నిలువయుంచిన పాల ద్వారా అధికముగా చేరిన రాగి, శిశువుల కాలేయవ్యాధికి కారణము కావచ్చునని పుణెలో పరిశీలించిన వైద్యులు 1983లో ప్రకటించిరి. అట్టి పాత్రల వాడుక తగ్గిన తరువాత ఆ వ్యాధియు చాలవరకు తగ్గినది. పసిబిడ్డలున్న యిండ్లవారు దీనిని మఱవరాదు. మంచినీటి మాట వేఱు. శుభ్రమైన రాగిపాత్రలో రాత్రి యంతయు నిలిచిన నీటిలో కొన్ని రోగక్రిములు నశించునని పరిశోధనలు తెలుపుచున్నవి.

పాఠశాలలో మా గురువుగారు ఆరాధన పాత్రలు తోము పనిని మాకు వంతులవారీగా అప్పగించెడివారు. నేను తళతళలాడు పంచపాత్రమును గర్వముతో చూపగా, ఆయన దానిలో నీరు పోసి, చేతిలోనికి వంపుకొని, నాలుకకు తాకించి, “ఇంకను పుల్లగా నున్నది, తీర్థమునకు పనికిరాదు” అనిరి. ఆనాడు మూడు మారులు కడిగితిని. ఏబది యేండ్లు గడచినను, పాత్ర మెఱసినంతనే నేటికిని ఆరాధనకు కూర్చుండను. కడిగిన నీటిని ఒక్క మారు రుచి చూతును.