దమ్మును కొలుచుట ఎట్లు?

ఉర్దూలో 'దమ్' అనగా శ్వాస. అదే మాట తెలుగున 'దమ్ము'గా నిలిచి, ఊపిరికి, సత్తువకు, ధైర్యమునకు కూడ పేరైనది. చేజర్ల పొలము గట్లపై నడచి పెరిగిన మాకు ఉదయగిరి కొండ ఎక్కునపుడెల్ల ఎవరి దమ్ము ఎంతటిదో తెలియుచునే యుండును. అయితే దానిని అంకెలలో కొలుచుట సాధ్యమా? సాధ్యమేనని శరీరధర్మశాస్త్రము చెప్పుచున్నది.

శ్రమించు కండరములకు ప్రాణవాయువు కావలెను. ఊపిరితిత్తులు దానిని గ్రహించును, గుండె రక్తము ద్వారా పంపును, కండరములు వినియోగించును. శ్రమ పెరిగినకొలది ఈ వినియోగము పెరిగి, ఒక హద్దు చేరిన పిమ్మట ఇక పెరుగదు. ఈ హద్దును 1920వ దశకమున ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఏ.వి.హిల్ వివరించెను. శరీరపు ప్రతి కిలో బరువుకు, నిమిషమునకు ఇన్ని మిల్లీలీటర్లని దీనిని లెక్కింతురు.

ఈ కొలతకు సాధనము ట్రెడ్‌మిల్, అనగా కదలెడు పట్టాపై నడక. అమెరికా వైద్యుడు రాబర్ట్ బ్రూస్ 1963లో ప్రకటించిన పద్ధతి నేటికిని వాడుకలో నున్నది. మొదట వేగము గంటకు సుమారు 2.7 కిలోమీటర్లు, వాలు నూరడుగులకు పదడుగుల ఎత్తు. ప్రతి 3 నిమిషములకు వేగమును, వాలును పెంచుదురు. ఎదపై అమర్చిన తీగెలు గుండె లయను నమోదు చేయును. ముఖమునకు తొడుగు ఉన్నచో ప్రాణవాయువును నేరుగా కొలువవచ్చును. లేనిచో నడచిన కాలమును బట్టి అంచనా కట్టుదురు.

దమ్ము కేవలము సాధన ఫలమా? కాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 1979లో ప్రచురించిన పరిశోధనలో, గ్రామీణ బాలుర శ్రమశక్తికి వారి శరీరపు బరువుతో దగ్గర సంబంధము గలదని తేలినది. బాల్యమున కడుపునిండా తిండి లేనివానిని ఓడిన పందెమునకు నిందించుట న్యాయము కాదు.

మన పల్లెలలో ట్రెడ్‌మిల్ ఎక్కడిది? పోలీసు ఎంపికలకు పరుగు సాధించు మిత్రులకు కెన్నెత్ కూపర్ 1968లో తెలిపిన ఉపాయము చాలును. 12 నిమిషములలో పరుగెత్తిన దూరమును మీటర్లలో కొలిచి, దానినుండి 505 తీసివేసి, మిగిలినదానిని 45తో భాగింపవలెను. 2,400 మీటర్లు పరుగెత్తినవానికి సుమారు 42 వచ్చును. మూడు నెలలు సాధన చేసి మరల కొలిచినచో మార్పు తెలియును. ఇతరులతో కాక, నిన్నటి తనతో పోల్చుకొనుటయే మేలు.

ఒక హెచ్చరిక. వ్యాయామముపై శ్రద్ధ గల మన ఆత్మకూరు శాసనసభ్యుడు, మంత్రి మేకపాటి గౌతమ్ రెడ్డి 2022 ఫిబ్రవరి 21న, 50 ఏండ్ల వయస్సున గుండెపోటుతో మరణించిరి. ఆ వార్త ఈ ప్రాంతమున ఇంటింటిని కలచివేసినది. దమ్ము వేరు, గుండె ఆరోగ్యము వేరు అని అది మాకు నేర్పినది. ఎదనొప్పి, కండ్లు తిరుగుట, అకారణపు ఆయాసము ఉన్నవారు మైదానమునకు పోకముందే వైద్యుని చూడవలెను. ట్రెడ్‌మిల్ పరీక్ష కూడ వైద్యుని సమక్షముననే జరుగవలెను. అందు లోపము కానరానంత మాత్రమున గుండెకు ముప్పు లేదని నిశ్చయింపరాదు.

దమ్మును కొలుచుకొందము, పెంచుకొందము, దాని హద్దును గౌరవింతము.