‘చెప్పు, చెప్పు’ అనడం ఆపి చూడండి

సమస్య

మాది రాజోలు దగ్గర పల్లె. మా బాబుకి నాలుగున్నరేళ్ళు. కాకినాడలో చూపిస్తే ఆటిజం అన్నారు. వినికిడి పరీక్ష కూడా చేశారు, చెవులు బాగానే ఉన్నాయన్నారు. వారానికోసారి అమలాపురం తీసుకెళ్ళి స్పీచ్ థెరపీ చేయిస్తున్నాం. పేరు పెట్టి పిలిస్తే తిరగడు. ఏం కావాలన్నా నా చెయ్యి పట్టుకుని లాక్కుపోతాడు. ‘నీళ్ళు తాగుతావా?’ అంటే ‘తాగుతావా’ అని నా మాటే నాకు అప్పజెబుతాడు. మావారు కువైట్‌లో ఉంటారు. రోజూ రాత్రి వీడియో కాల్‌లో ‘నాన్న అను, ఇదేంటి చెప్పు’ అని అడుగుతారు, వాడు లేచిపోతాడు, ఆయన బాధపడతారు. మా అత్తగారేమో ‘వాళ్ళ నాన్నకీ ఐదేళ్ళకే మాటలొచ్చాయి, ఊరికే ఆస్పత్రుల చుట్టూ తిప్పకు’ అంటారు. బొమ్మల కార్డులు వాడమని థెరపిస్టు గారన్నారు గానీ, వాటికి అలవాటు పడితే ఇక నోరు విప్పడేమోనని భయం. ఇంగ్లీషులోనే మాట్లాడమని ఇంకొకరన్నారు. వాడితో ఎలా మాట్లాడాలో తెలియట్లేదండి.

— ఒక తల్లి, రాజోలు మండలం

సలహా

అమ్మా, బాబు ఏమీ చెప్పలేడన్న దిగులుతో రాశారు. కానీ వాడు చెబుతున్నవి మీ ఉత్తరంలోనే ఉన్నాయి. చెయ్యి పట్టుకుని లాగడమంటే ‘నాకు అది కావాలి, నువ్వు రా’ అనడం. ‘తాగుతావా’ అని తిరిగి అనడం బహుశా ‘తాగుతాను’ అనడం. ఫోను ముందు నుంచి లేచిపోవడం ‘ఇక చాలు’ అనడం. నోటి మాటలు కావు కాబట్టి ఇవి మన లెక్కలోకి రావట్లేదు. ఇంట్లో అందరూ వాడి చేత ఒక మాట పలికించాలని చూస్తున్నారు. వాడు ఇప్పటికే అంటున్నదానికి జవాబిచ్చేవాళ్ళు తక్కువ. వాడితో మన మాట ముందు మారాలి, వాడి మాట సంగతి ఆ తర్వాత అంటాను నేను. ఇందులో మీ తప్పు వెతకడం లేదు. తల్లుల ప్రేమ చాలకే ఆటిజం వస్తుందని 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ అనే ఆయన పుస్తకమే రాశాడు. అది పూర్తిగా అబద్ధమని ఆ తర్వాత తేలింది. పెంపకం వల్ల ఆటిజం రాదు.

నా మాటకి ఆధారం ఉంది. ఇంగ్లండులో ‘ప్యాక్ట్’ పేరుతో జరిగిన పరిశోధనలో ఐదేళ్ళలోపు ఆటిజం పిల్లలు 152 మందిని తీసుకున్నారు. కొందరికి మామూలు సేవలే అందాయి. మిగతా కుటుంబాలకి వాటితోపాటు ఇంకొకటి చేశారు: తల్లో తండ్రో బిడ్డతో ఆడుకుంటుంటే వీడియో తీసి, దాన్ని వాళ్ళకే చూపించి, బిడ్డ ఎటు చూశాడు, ఏ సైగ చేశాడు, పెద్దవాళ్ళు దాన్ని ఎక్కడ అందుకున్నారు, ఎక్కడ గమనించలేదు అని కలిసి చూశారు. ఇంటి దగ్గర రోజుకి అరగంట సాధన. శిక్షణంతా పెద్దలకే. 2010లో ఫలితాలు వచ్చినప్పుడు పిల్లలు తమంతట తాము పలకరించడం పెరిగింది గానీ, ఆటిజం లక్షణాల తీవ్రతలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. దాదాపు ఆరేళ్ళ తర్వాత అదే పిల్లల్లో 121 మందిని మళ్ళీ పరీక్షించారు. తీవ్ర లక్షణాలున్నవాళ్ళు శిక్షణ పొందిన కుటుంబాల్లో 46 శాతం, మిగతావాళ్ళలో 63 శాతం. అంటే పెద్దల తీరులో వచ్చిన మార్పు ఫలితం బిడ్డలో కనిపించడానికి ఏళ్ళు పట్టింది. రెండు నెలలు చేసి మానేసేవాళ్ళు ముందుగా తెలుసుకోవాల్సింది ఇదే.

ఇంగ్లండు సంగతి రాజోలుకెందుకని మీకు అనిపించవచ్చు. ఆ పద్ధతినే మన గోవాలోనూ పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ 65 మంది పిల్లల కుటుంబాలతో ప్రయత్నించారు. ఇళ్ళకి వెళ్ళి నేర్పింది డాక్టర్లు కారు, నిపుణులూ కారు, శిక్షణ ఇచ్చిన మామూలు ఆరోగ్య కార్యకర్తలు. 2016లో అచ్చయిన ఫలితాల్లో తల్లిదండ్రులు బిడ్డకి తగ్గట్టు స్పందించడం బాగా పెరిగింది, పిల్లలు చొరవగా పలకరించడమూ పెరిగింది. ఇద్దరూ కలిసి ఒకే విషయం మీద దృష్టి పెట్టే సమయం మాత్రం తగ్గింది. కాబట్టి దీన్ని మంత్రమని అనలేను. అయినా వారానికి ఒక్క గంట థెరపీ దొరికే మన ప్రాంతంలో, మిగతా ఆరు రోజులు ఇంట్లోవాళ్ళ చేతిలోనే ఉంటాయన్నది నాకు పెద్ద ధైర్యాన్నిస్తుంది.

ఇంట్లో ఇదెలా ఉంటుందో చెబుతాను. మోటారు వేసినప్పుడు గొట్టంలోంచి పడే నీళ్ళని వాడు చూస్తూ నిలబడ్డాడనుకోండి. ‘ఇదేంటి? నీళ్ళు అను’ అని అడిగామంటే వాడి సంతోషం కాస్తా పరీక్షగా మారిపోతుంది. పక్కనే వాడి ఎత్తుకి కూర్చోండి. వాడు చూస్తున్నదే చూడండి. ‘నీళ్ళు పడుతున్నాయి’ అని ఆగండి, మనసులో పది లెక్కపెట్టుకునేంత సేపు. వాడు మీవైపు చూసినా, చెయ్యి తట్టినా, ఏదో శబ్దం చేసినా అది వాడి వంతు. దాన్ని అందుకుని మళ్ళీ ఒక చిన్న మాట అనండి. ఇంతసేపు ఊరుకోవడం నలుగురున్న ఇంట్లో కష్టమే. కానీ విన్నది అర్థమై జవాబు కుదరడానికి ఈ పిల్లల్లో చాలామందికి మనకన్నా ఎక్కువ సమయం కావాలి. ఈలోపు రెండో ప్రశ్న పడితే మొదటిది చెరిగిపోతుంది.

మన మాటే మనకి అప్పజెప్పడాన్ని ఒకప్పుడు అర్థంలేని అలవాటుగా చూసి మాన్పించేవారు. 1981లో బ్యారీ ప్రిజాంట్, జుడిత్ డుచాన్ అనే పరిశోధకులు ఆటిజం పిల్లల్ని దగ్గరగా గమనించి, అలా తిరిగి అనడంలో అడగడం, ఔననడం, తన వంతు తీసుకోవడం లాంటి పనులున్నాయని చూపించారు. అందుకే దాహంతో ‘తాగుతావా’ అన్నప్పుడు తప్పని దిద్దకండి. వాడి తరఫున మీరే ‘నీళ్ళు తాగుతాను’ అంటూ గ్లాసు ఇవ్వండి. రేపు వాడు అప్పజెప్పేది ఆ మాటే కావచ్చు.

మీ అత్తగారి మాటలో మనవడి మీద ఆపేక్ష ఉంది. ఆలస్యంగా మాటలొచ్చే పిల్లలు ఉంటారన్నదీ నిజమే. అయితే అలాంటి పిల్లలు సాధారణంగా వేలు పెట్టి చూపిస్తారు, పిలిస్తే తిరుగుతారు, నచ్చింది తెచ్చి మనకి చూపించి మురుస్తారు. ఆ తేడా ఆవిడకి నెమ్మదిగా చెప్పండి. ఇక బొమ్మల కార్డుల భయం వదిలేయండి. ఎదుగుదల లోపాలున్నవాళ్ళకి సైగలూ బొమ్మలూ నేర్పిన అధ్యయనాలను 2006లో ఒకచోట చేర్చి చూస్తే, నమ్మదగిన ఆధారమున్న 27 మందిలో ఒక్కరికీ మాట తగ్గలేదు, ఎక్కువమందికి పెరిగింది. అడిగితే దొరుకుతుందని తెలిసిన బిడ్డే ఇంకా అడుగుతాడు. ఇంగ్లీషు సలహా అసలు పట్టించుకోవద్దు. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం పిల్లలు వెనకబడరని కెనడాలో చేసిన అధ్యయనంలో తేలింది. మామ్మ, అమ్మ, నాన్న మాట్లాడేది తెలుగు. అది తీసేస్తే వాడికి ఇంట్లో వినడానికి ఏం మిగులుతుంది?

వాడి వెంట మనం నడిస్తే మొండివాడై మన మాట వినకుండా పోడా అని కొందరు అడుగుతారు. కోనసీమలో ఈ ప్రశ్న చాలా తీవ్రమైనది, ఏ వీధి చివర చూసినా కాలువే కాబట్టి. ఆటిజం ఉన్న పిల్లల్లో దాదాపు సగం మంది నాలుగేళ్ళు దాటాక కనీసం ఒక్కసారైనా చెప్పకుండా వెళ్ళిపోవడానికి ప్రయత్నించారని 2012లో అమెరికా అధ్యయనం ఒకటి తేల్చింది. నీళ్ళంటే ఇష్టపడే పిల్లవాడికి గట్టు ఎంత ప్రమాదమో మీకు చెప్పనక్కర్లేదు. గేటుకి పైన గడియ పెట్టించండి. ‘ఆగు’ అన్న మాటని పెరట్లో ఆటగా, చెయ్యి చూపిస్తూ, రోజూ ఒకేలా నేర్పండి. ఆటలో వాడి దారి మనది, గట్టు దగ్గర మన మాటే వాడిది. రోజంతా ఆజ్ఞలే వినే బిడ్డకి ‘ఆగు’ కూడా వాటిలో ఒకటిగా కలిసిపోతుంది. తక్కువ మాటలు వినే బిడ్డకి అది విడిగా వినిపిస్తుంది.

మీవారికి ఈ జవాబు చదివి వినిపించండి. అంత దూరంలో ఉండి బిడ్డ నోట ‘నాన్న’ అని వినాలని ఆయనకుండే ఆరాటం నాకు తెలుస్తోంది. వాడు ఆడుకుంటుండగా ఫోను పక్కన పెట్టండి, ఆయన చూసింది చూసినట్టు నాలుగు ముక్కలు చెప్పాలి, ప్రశ్న మాత్రం వేయకూడదు. రెండు నిమిషాలకే వాడు వెళ్ళిపోతే ‘సరే నాన్నా, రేపు’ అని ముగించమనండి. ఇంగ్లండు కుటుంబాల్లాగే మీరూ రోజుకి అరగంట సాధన చేస్తూ, అందులో రెండు మూడు నిమిషాలు వీడియో తీసి ఆయనకి పంపండి, థెరపిస్టు గారికీ చూపించండి.

అంగన్‌వాడీలో గానీ బడిలో గానీ వేసేముందు ఒక కాగితం రాసి టీచరు గారికివ్వండి: చెయ్యి లాగితే ఏమని, చెవులు మూసుకుంటే ఏమని, ఏ మాట ఎప్పుడంటే ఏం కావాలని. వికలాంగుల హక్కుల చట్టం 2016లో ఆటిజం ఉంది, కాబట్టి ప్రభుత్వ నిధులు గానీ గుర్తింపు గానీ ఉన్న ఏ బడీ ‘చేర్చుకోం’ అనకూడదు. మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఉండే భవిత కేంద్రం టీచరుకి కూడా అదే కాగితం ప్రతి ఒకటి ఇవ్వండి.