చేపల ఉప్పు కూరలో వేయొచ్చా?



మన సైన్సు గదిలో గాజు తొట్టి ఉంది కదా. చేపలకు జబ్బు చేస్తే సారు ఒక ప్యాకెట్ లోంచి ఉప్పు తీసి నీళ్ళలో కలుపుతారు. దాన్ని అక్వేరియం ఉప్పు అంటారు. ఆరో తరగతి పిల్లలు అది చూసి "అక్కా, అదీ ఉప్పే కదా, వంటగదిలో ఉప్పు అయిపోతే కూరలో వేసుకోవచ్చా?" అని అడిగారు. అందరూ నవ్వారు గానీ ప్రశ్న మంచిదే. అందుకే ఈసారి గోడపత్రికకు ఇదే రాస్తున్నాను.

ఉప్పు అంటే సోడియం, క్లోరిన్ కలిసిన పదార్థం. సముద్రం నీళ్ళను మడుల్లో నిలవగట్టి ఎండబెడితే వస్తుంది. మన రాష్ట్రంలో శ్రీకాకుళం జిల్లా నౌపడలో, బాపట్ల జిల్లా చినగంజాంలో ఉప్పు మడులు ఉన్నాయి. చేపల ఉప్పులో కూడా దాదాపు అంతా ఈ సోడియం క్లోరైడే. పొరపాటున చిటికెడు నోట్లో పడితే చచ్చిపోము.

మరి చేపకు ఉప్పు ఎందుకు? మంచినీటి చేప ఒంట్లో ఉప్పు ఎక్కువ, బయట నీళ్ళలో తక్కువ. అందుచేత మొప్పల గుండా నీళ్ళు లోపలికి వస్తూనే ఉంటాయి. ఇదే మనం చదివిన ద్రవాభిసరణం. ఆ నీళ్ళను బయటకు తోయడమే చేపకు పెద్ద పని. తొట్టిలో కొంచెం ఉప్పు వేస్తే ఆ పని తగ్గుతుంది, జబ్బు చేప తేరుకుంటుంది.

అయితే అన్ని ప్యాకెట్లూ ఒకటి కావు. సముద్రపు చేపల కోసం అమ్మే ఉప్పులో మెగ్నీషియం, కాల్షియం లవణాలు కూడా కలుపుతారు. కొన్నింటిలో చేపల మందులు ఉంటాయి. మనుషులు తింటారని వాటిని పరీక్ష చేయరు. కాబట్టి కూరలో వేయకూడదు. ఇది ఒక కారణం. రెండో కారణం మన కొండ ఊళ్ళకు ఇంకా ముఖ్యం. చేపల ఉప్పులో మామూలుగా అయోడిన్ ఉండదు.

మన గొంతు ముందు సీతాకోకచిలుక ఆకారంలో థైరాయిడ్ గ్రంథి ఉంటుంది. అది అయోడిన్‌తో థైరాక్సిన్ తయారు చేస్తుంది. అయోడిన్ చాలకపోతే ఆ గ్రంథి ఉబ్బుతుంది. అదే గాయిటర్. మా అమ్మమ్మకు మెడ కింద జామకాయంత గడ్డ ఉంది. "మా గెడ్డ నీళ్ళ దోషమే అది" అంటాది. ఆమె మాటలో కొంత నిజం ఉంది. కొండల మీద వానలకు మట్టిలోని అయోడిన్ కొట్టుకుపోతుంది. ఆ మట్టిలో పండిన తిండిలోనూ, ఆ నీళ్ళలోనూ అది తక్కువే. గడ్డ కంటికి కనబడుతుంది గానీ, కనబడని నష్టం ఇంకా పెద్దది. గర్భిణీ స్త్రీకి అయోడిన్ బాగా తక్కువైతే పుట్టే బిడ్డకు బుద్ధి ఎదగదు, చెవుడు రావచ్చు. మెడలో ప్రతి గడ్డా దీనివల్లే అనుకోకూడదు, డాక్టరుకు చూపించాలి.

శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి గారు 1956లో హిమాలయాల దగ్గర కాంగ్రా లోయలో దీన్ని పరీక్షించారు. కొన్ని ఊళ్ళకు అయోడిన్ ఉప్పు, కొన్నింటికి మామూలు ఉప్పు ఇప్పించారు. కొన్నేళ్ళకు అయోడిన్ ఉప్పు తిన్నచోట గాయిటర్ బాగా తగ్గింది. 1962లో ప్రభుత్వం గాయిటర్ నివారణ కార్యక్రమం మొదలుపెట్టింది. మనుషులు తినడానికి అయోడిన్ లేని ఉప్పు అమ్మరాదని 2006 మే నుండి దేశమంతా నిషేధం ఉంది.

ఇప్పుడొక లెక్క. పెద్దవాళ్ళకు రోజుకు 150 మైక్రోగ్రాముల అయోడిన్ కావాలి. దుకాణంలో ఉప్పు కిలోకు కనీసం 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండాలి. అంటే గ్రాముకు 15 మైక్రోగ్రాములు. రోజుకు 5 గ్రాముల ఉప్పు తింటే 75 వస్తుంది, మిగతాది పాలు, గుడ్లు, సముద్రపు చేపల నుండి రావాలి. అలాగని ఉప్పు ఎక్కువ తినకూడదు, రక్తపోటు వస్తుంది.

మన ఊళ్ళల్లో చేపల ఉప్పు ఎవరూ కొనరు. కానీ సంతలో గోనెసంచి తెరిచి కుంచంతో కొలిచి ఇచ్చే కల్లుప్పు కొంటారు. పూర్వం చింతపండు, అడ్డాకులు ఇచ్చి ఉప్పు తెచ్చుకునేవారని మా అమ్మమ్మ చెబుతాది. పశువులకు పెట్టడానికి, తోళ్ళకు పట్టించడానికి తెచ్చే ఉప్పుకు ఆ నిషేధం వర్తించదు. అది చవక. అదే ఇంట్లో కుండలోకి వస్తే చేపల ఉప్పు తిన్నట్టే, అయోడిన్ సున్నా. కల్లుప్పు అంతా చెడ్డదని కాదు, అయోడిన్ పట్టించిన కల్లుప్పు కూడా ప్యాకెట్లలో దొరుకుతుంది. ప్యాకెట్ మీద నవ్వే సూర్యుడి బొమ్మ చూసుకోవాలి. కానీ మా ఇంట్లో దాన్ని కూడా మట్టి ఉందని కడిగి వేస్తారు. పైన పట్టి ఉన్న అయోడిన్ ఆ కడుగునీళ్ళతోనే పోతుంది. మూత లేని కుండలో, పొయ్యి పక్కన, చెమ్మలో పెట్టినా తగ్గిపోతుంది.

ఆశ కార్యకర్తల దగ్గర ఉప్పు పరీక్ష చేసే చిన్న సీసా ఉంటుంది. ఉప్పు మీద ఒక చుక్క వేస్తే, అయోడిన్ ఉంటే నీలం రంగు తిరుగుతుంది. దసరా సెలవులకు మా ఇంటి కుండలో ఉప్పు మీద, పక్కింటి ఉప్పు మీద వేయించి చూస్తాను. మీరూ చూసి రండి. ఎవరి ఉప్పుకు ఏ రంగు వచ్చిందో ఊరు పేరుతో పట్టిక వేసి దీని పక్కనే అంటిస్తాను.