కాన్పుతో తీరిపోని రక్తపోటు

ఈ హాస్టల్ అన్నం తిని పెరిగి, ఇప్పుడు నర్సింగ్ చదువుతున్న మేము కొందరం కలిసి రాసిన పాఠమిది. మార్కుల కోసం కాదు, ఇంట్లో ఉన్న అమ్మ కోసం, అక్క కోసం చదవండి.

గర్భిణికి 20 వారాలు దాటాక కొత్తగా రక్తపోటు 140/90 లేక అంతకు మించి ఉండి, మూత్రంలో ప్రోటీన్ పోతున్నా, కాలేయం, మూత్రపిండాల వంటివి దెబ్బతిన్నా దాన్ని ప్రీఎక్లాంప్సియా అంటారు. దీనికి మూలం మాయలో ఉంది. మాయకు రక్తం తెచ్చే నాళాలు తగినంత వెడల్పు కాకపోతే రక్తం చాలదు. అప్పుడు మాయ నుంచి వెలువడే పదార్థాలు తల్లి ఒంట్లోని రక్తనాళాలన్నిటినీ దెబ్బతీస్తాయి. తగ్గని తలనొప్పి, కళ్ళు మసకలు, డొక్క పైభాగంలో నొప్పి, ముఖం వాపు దీని గుర్తులు. ముదిరితే మూర్ఛలు వస్తాయి. మనవాళ్ళు దాన్నే గుర్రపువాతం అంటారు. అది గాలీ కాదు, ధూళీ కాదు. దిష్టి తీస్తూ కూర్చోకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలి. మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్ ఈ మూర్ఛల ముప్పును సగానికి పైగా తగ్గిస్తుందని 2002లో వెలువడిన మాగ్‌పై పరిశోధన తేల్చింది.

బలమైన ఒళ్ళు ఉంటే రాదనుకోవద్దు. అమెరికా పరుగుల రాణి అలిసన్ ఫీలిక్స్‌కు 2018లో ఇది తీవ్రంగా వచ్చింది. 32 వారాలకే ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. సకాలంలో గుర్తించి వైద్యం చేయడంతో తల్లీబిడ్డా బతికారు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఆమె మళ్ళీ స్వర్ణం గెలిచింది.

కాన్పయితే జబ్బు పోయినట్టేనా? కాదు. కాన్పు తరువాత కూడా ఆరు వారాల వరకు ముప్పు ఉంటుంది. మరుసటి గర్భంలో సుమారు ఆరేడుగురిలో ఒకరికి మళ్ళీ వస్తుంది. నెలలు నిండకముందే కాన్పయిన వారికి ఈ భయం ఇంకా ఎక్కువ. అందుకే మళ్ళీ గర్భం రాగానే డాక్టరుకు పాత సంగతి చెప్పాలి. మూడు నెలలు దాటే వేళకు డాక్టరు సలహాతో తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెడితే ముప్పు తగ్గుతుంది. సొంతంగా మాత్రం వేసుకోకూడదు.

గుండె సంగతి మరీ ముఖ్యం. ఈ జబ్బు వచ్చిన స్త్రీలకు తరువాతి జీవితంలో గుండెజబ్బు, పక్షవాతం వచ్చే అవకాశం మిగతావారి కంటే సుమారు రెట్టింపు. రక్తపోటు ముప్పు మూడు రెట్లకు పైనే. అయినా చంటిబిడ్డతో కూలికి వెళ్ళిన తల్లి బి.పి. మళ్ళీ ఎవరు చూస్తున్నారు?

సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఒక్క మాట అడగండి: "అమ్మా, మేం కడుపులో ఉన్నప్పుడు నీకు బి.పి. వచ్చిందా?" అవునంటే పి.హెచ్.సి.కి వెంట తీసుకెళ్ళి బి.పి., షుగర్ చూపించండి. ఏటా చూపించాలి. ఉప్పు తగ్గించమనండి. పొగాకు ఉంటే మాన్పించండి. చెల్లెళ్ళూ, తల్లికి ఈ జబ్బు వచ్చి ఉంటే కూతురికీ కొంత ముప్పు ఎక్కువే. రేపు మీకు అవసరమైనప్పుడు డాక్టరుకు ఇది చెప్పాలి. ఊళ్ళో గర్భిణులుంటే, 2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా పరీక్షలు చేస్తున్నారని చెప్పండి.

మనల్ని కన్నందుకు వచ్చిన జబ్బు ఇది. దాన్ని కనిపెట్టుకుని ఉండటం మన వంతు.