ఓడ ఎక్కే రోజే రేవు చేరితే చాలదా?

ప్రశ్న: అమ్మానాన్నలతో విశాఖ నుంచి క్రూయిజ్‌కు వెళ్దామనుకుంటున్నాం. ఓడ బయల్దేరే రోజు పొద్దున రైలు దిగితే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, శాలిబండ, హైదరాబాద్

జవాబు: సరిపోదండీ, ముందురోజే చేరండి. 2022 జూన్‌లో కార్డీలియా సంస్థ ఎంప్రెస్ ఓడ విశాఖ నుంచి పుదుచ్చేరి, చెన్నైలకు తిరగడం మొదలుపెట్టాక మనవాళ్లకు క్రూయిజ్ చేరువైంది. అయినా మీ పాతబస్తీ నుంచి విశాఖ రేవు 600 కిలోమీటర్ల పైమాటే. రాత్రి రైళ్లు మామూలుగా తెల్లవారేసరికి చేరుస్తాయి గానీ, దారిలో ఆలస్యమైతే ఓడ ఆగదు. పైగా అది కదలడానికి చాలా ముందే చెకిన్ మూసేస్తారు.

ఒక రాత్రి హోటల్ ఖర్చు దండగ కదా అనవచ్చు. ఓడ తప్పిపోతే టికెట్ల సొమ్ము సాధారణంగా వెనక్కి రాదు. దాని ముందు గది అద్దె ఎంత? తర్వాతి రేవులో ఎక్కుదామంటే ప్రయాణ ఖర్చు మీదే, సంస్థ అనుమతీ కావాలి. పెద్దవాళ్లు రైలు బడలిక తీరకుండానే సముద్రం మీదికి వెళ్తే కడుపులో తిప్పడం ఎక్కువవుతుంది. అందుకే గది కూడా కింది అంతస్తులో, ఓడ మధ్యభాగంలో అడగండి. అక్కడ ఊపు తక్కువ. పెద్ద పెట్టెలు గదికి చేరడానికి గంటలు పట్టవచ్చు కాబట్టి మందులు, గుర్తింపు కార్డులు చేతిసంచిలోనే ఉంచుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుపాన్ల కాలం. ఆ తేదీలకు బుక్ చేసేముందు రద్దు నిబంధనలు చదవండి.